మొబైల్ రీచార్జి, కస్టమర్ కేర్, కంపెనీ మార్పు: నల్లగొండ, పాలమూరు వినియోగదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

దేవరకొండలో ఒక రీచార్జి దుకాణంలో పదకొండేళ్లు కూర్చున్నాను. ఇప్పుడు ఆ దుకాణం లేదు గానీ, పోయిన బ్యాలెన్సు గురించో, దొరకని సిగ్నల్ గురించో, పెరిగిన ప్యాకు గురించో అడిగేవాళ్లు నేరుగా ఇంటికే వస్తున్నారు. మిర్యాలగూడ, అచ్చంపేట, జడ్చర్ల, మక్తల్ నుంచి ఫోన్ చేసి అడిగేవాళ్లూ ఉన్నారు. పదేపదే వచ్చే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులను ఇక్కడ రాసి పెడుతున్నాను. ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి, ఎక్కడ ధర చెప్పినా అది ఏ సంవత్సరం నాటిదో కూడా రాశాను.

నెల ప్యాకు అని వేయించుకుంటే 28 రోజులకే అయిపోతుంది. ఇది మోసం కాదా?

ప్యాకు మీద 28 రోజులని రాసి ఉంటుంది కాబట్టి చట్టం దృష్టిలో అది మోసం కాదు. కానీ నెల జీతం, నెల పాల డబ్బు, నెల అద్దె అని లెక్కపెట్టుకునే ఇంట్లో ఆ రెండు మూడు రోజుల తేడా ఏడాది తిరిగేసరికి పూర్తిగా ఒక అదనపు రీచార్జి అవుతుంది. 28 రోజుల ప్యాకును 13 సార్లు వేయిస్తే 364 రోజులు గడుస్తాయి. 2024 జూలైలో జియో రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు ధర 239 నుంచి 299 రూపాయలకు పెరిగింది. ఆ ధర మీద నెలకొకసారి అనుకుంటే ఏడాదికి 3,588 రూపాయలు కావాలి, కానీ నిజంగా కట్టేది 3,887 రూపాయలు.

దీని మీద దేశమంతటి నుంచి ఫిర్యాదులు వచ్చిన తర్వాత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరి 27న ఒక ఆదేశం ఇచ్చింది. ప్రతి కంపెనీ 30 రోజుల గడువున్న ప్యాకులనూ, ప్రతి నెలా అదే తేదీన మళ్లీ వేయించుకునే ప్యాకులనూ తప్పకుండా అమ్మకంలో ఉంచాలని అందులో ఉంది. రెండో రకం ప్యాకును 5వ తేదీన వేయిస్తే, ఆ నెలకు ఎన్ని రోజులున్నా, మళ్లీ వచ్చే 5వ తేదీ దాకా నడుస్తుంది. ఇవి యాప్‌లో ముందు వరసలో కనిపించవు, దుకాణంలో కూడా అడిగితే తప్ప చెప్పరు. నేనూ చాలాకాలం చెప్పలేదు. పొద్దున కౌంటరు ముందు పదిమంది నిలబడి ఉన్నప్పుడు అందరూ వేయించుకునే ప్యాకునే వేసి పంపించేవాణ్ణి, అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. మీరు మాత్రం "తేదీ నుంచి తేదీకి నడిచే నెల ప్యాకు ఉందా" అని నోరు తెరిచి అడగండి.

ఏ ప్యాకు చవకో ఎలా తెలుసుకోవాలి?

ధరను రోజులతో భాగించండి. 2024 జూలై ధరల ప్రకారం 28 రోజుల 299 రూపాయల ప్యాకు రోజుకు 10 రూపాయల 68 పైసలు పడుతుంది. అదే నెట్‌తో 84 రోజులకు ఉన్న 799 రూపాయల ప్యాకు రోజుకు 9 రూపాయల 51 పైసలు పడుతుంది. కాగితం మీద రెండోది చవక. అయితే రోజు కూలికి పోయే మనిషి ఒకేసారి 800 రూపాయలు తీయడం తేలిక కాదు. పైగా 84 రోజుల ప్యాకు వేయించుకున్న నెలకే ఊరి టవర్ పాడైతే మిగిలిన రోజులు వదులుకోలేక అదే కంపెనీని పట్టుకుని ఉండాల్సి వస్తుంది, ఎందుకంటే కంపెనీ మార్చుకున్నప్పుడు పాత ప్యాకులో మిగిలినది వెంట రాదు. అందువల్ల సిగ్నల్ మీద ఏడాదిగా నమ్మకం ఉన్నవాళ్లకే పెద్ద ప్యాకు మంచిదని నా అభిప్రాయం.

ఇంకొక లెక్క కూడా చూడాలి. రోజుకు రెండు జీబీ ఇస్తున్నారంటే, వాడకపోయిన జీబీ అర్ధరాత్రికి పోతుంది. మీరు రోజుకు ఎంత వాడుతున్నారో కంపెనీ యాప్‌లోనూ, ఫోన్ సెట్టింగుల్లోనూ కనిపిస్తుంది. వారం రోజులు అది చూసిన తర్వాతే ప్యాకు నిర్ణయించుకోండి. కొన్ని చెల్లింపు యాప్‌లు రీచార్జి మీద ఒకటి రెండు రూపాయల రుసుము వేస్తున్నాయి, అదే రీచార్జి కంపెనీ సొంత యాప్‌లో చేస్తే ఆ రుసుము ఉండదు.

మా అమ్మది బటన్ ఫోన్. నెట్ అవసరమే లేదు. అయినా నెట్‌తో కలిపి ఎందుకు కొనాలి?

కొనాల్సిన అవసరం లేదు. ట్రాయ్ 2024 డిసెంబర్ 23న నిబంధనలు సవరించి, మాటలు, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్రత్యేక ప్యాకులను ప్రతి కంపెనీ అమ్మాలని చెప్పింది. అలాంటి ప్యాకుల గరిష్ఠ గడువును కూడా 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది. 2025 జనవరి నుంచి ఇవి అందుబాటులోకి వచ్చాయి. కనీసం ఒక 10 రూపాయల టాపప్ కూడా అమ్మకంలో ఉండాలన్నది అదే సవరణలో ఉంది.

ఈ నిబంధన ఎవరి కోసం వచ్చిందో నాకు బాగా తెలుసు. దేవరకొండ దగ్గరి ఒక తండా నుంచి ఒక అవ్వ వచ్చేది. ఆమె కొడుకు, కోడలు పుణెలో భవన నిర్మాణ పనికి పోయారు. ఆమె కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన నోట్లు కౌంటరు మీద పరిచి, ఒక్కొక్కటి చేత్తో సాపు చేసి ఇచ్చేది. ఫోన్‌లో పచ్చ బటన్ మీద గుర్తు చెరిగిపోయి తెల్లగా ఉండేది. ఎందుకంటే ఆమె వాడేది ఆ ఒక్క బటనే, కొడుకు ఫోన్ వస్తే ఎత్తడానికి. ఒకసారి ధర పెరిగిందని చెప్పినప్పుడు, "గీ ఫోన్ల నేను నెట్ ఎట్ల జూస్త బిడ్డా?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌కు రీచార్జి చేసే ప్రతి ఒక్కరినీ కోరుతున్నాను: యాప్‌లో కిందికి జరిపి, మాటల ప్యాకు ఎక్కడుందో వెతికి, దాన్నే వేయండి.

కొన్ని నెలలు రీచార్జి చేయకపోతే నంబరు పోతుందా?

వెంటనే పోదు. ప్యాకు గడువు తీరగానే బయటికి పోయే కాల్స్ ఆగుతాయి, కొన్నాళ్లకు వచ్చే కాల్స్ కూడా ఆగుతాయి. నంబరును పూర్తిగా తీసేయడానికి మాత్రం ట్రాయ్ నియమం ఉంది: వరసగా 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే తప్ప తీసేయకూడదు. ప్రధాన బ్యాలెన్సులో 20 రూపాయలు ఉంటే అప్పుడు కూడా తీసేయకూడదు, ఆ సొమ్ము కోసుకుని గడువు పొడిగించాలి. తీసేసిన తర్వాత కూడా 15 రోజుల్లో వచ్చి అడిగితే తిరిగి ఇవ్వడానికి అవకాశం ఉంది.

అలా పోయిన నంబరు కొంతకాలానికి ఇంకొకరి చేతికి పోతుంది. మీ బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాస్ కనెక్షన్ ఆ నంబరుకే ముడిపడి ఉంటే ఓటీపీలన్నీ కొత్త మనిషికి వెళ్తాయి. నంబరు వదిలేయదలచుకుంటే ముందు బ్యాంకుకు వెళ్లి నంబరు మార్పించి, ఆ తర్వాతే వదిలేయండి.

సిమ్‌ను బతికించుకోవడానికయ్యే ఖర్చు ఎంత వేగంగా పెరిగిందో గుర్తుచేసుకోవడం అవసరం. 2018 చివరి దాకా ఒకసారి టాపప్ వేస్తే నెలల తరబడి ఇన్‌కమింగ్ వచ్చేది. ఆ ఏడాది చివర పెద్ద కంపెనీలు కనీస రీచార్జి అనే పద్ధతి తెచ్చాయి. ఎయిర్‌టెల్‌లో అది మొదట 35 రూపాయలు, 2021 నవంబర్ నాటికి 99, 2024 జూలైలో 199 అయింది. ఆరేళ్ల లోపలే ఐదు రెట్లు దాటింది. రెండు సిమ్‌లు పెట్టుకున్న కుటుంబాలు మా ప్రాంతంలో ఒకదాన్ని వదిలేసుకోవడానికి కారణం ఇదే.

ఇంతగా ధరలు ఎందుకు పెరుగుతున్నాయి? ఆపేవాళ్లు లేరా?

దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. మొబైల్ ధరలను ప్రభుత్వం నిర్ణయించదు. కంపెనీలు తమ ధరలు తామే పెట్టుకుని, అమలులోకి వచ్చిన ఏడు పని దినాల్లోపు ట్రాయ్‌కు తెలియజేస్తే చాలు. పోటీ ఉన్నంతకాలం పోటీయే ధరను అదుపులో ఉంచుతుందన్న నమ్మకం మీద ఈ పద్ధతి నడుస్తోంది.

పోటీ ఉన్నప్పుడు ఆ నమ్మకం నిజమే అయింది. 2009లో టాటా డొకోమో వచ్చి సెకనుకు ఒక పైసా అనగానే, అప్పటిదాకా నిమిషం లెక్కన గుంజిన కంపెనీలన్నీ నెలల్లో సెకను లెక్కకు మారాయి. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చేనాటికి మా దుకాణంలో ఒక జీబీ నెట్ ప్యాకు సుమారు 250 రూపాయలకు అమ్మేవాళ్లం. జియో 2017 మార్చి 31 దాకా ఉచితంగానే ఇవ్వడంతో ఆ ధర నిలబడలేదు. అప్పట్లో కౌంటరు అద్దం మీద ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోన్, డొకోమో, టెలినార్, ఎయిర్‌సెల్, రిలయన్స్, బీఎస్ఎన్ఎల్ స్టిక్కర్లు పక్కపక్కనే ఉండేవి. రిలయన్స్ 2017 చివర మాటల సేవ మూసేసింది. ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసింది. టెలినార్, ఆ తర్వాత డొకోమో ఎయిర్‌టెల్‌లో కలిశాయి. వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టు 31న ఒకటయ్యాయి. ఒక్కో స్టిక్కరు గీకి తీసేసిన జిగురు మరకలు ఆ అద్దం మీద చివరిదాకా ఉన్నాయి. చివరికి మిగిలింది ముగ్గురు ప్రైవేటువాళ్లు, ఒక ప్రభుత్వ సంస్థ.

కంపెనీలకూ తమ కారణాలున్నాయి. సిగ్నల్ పంపడానికి వాడే రేడియో తరంగాల హక్కుకు, అంటే స్పెక్ట్రమ్‌కు, వేల కోట్లు కట్టారు. ప్రభుత్వానికి రాబడిలో ఇవ్వాల్సిన వాటా గురించి సుప్రీంకోర్టు 2019 అక్టోబర్ 24న ఇచ్చిన తీర్పుతో పాత బాకీలు మీద పడ్డాయి. స్పెక్ట్రమ్ బాకీలను షేర్లుగా మార్చడంతో వొడాఫోన్ ఐడియాలో ప్రభుత్వ వాటా 2025లో దాదాపు 49 శాతానికి చేరింది. ఉచితంగా ఇచ్చిన కాలం శాశ్వతం కాదని వినియోగదారుడికి కూడా తెలుసు. కానీ 2019 డిసెంబర్‌లోనూ, 2021 నవంబర్‌లోనూ, 2024 జూలైలోనూ జరిగింది చూస్తే, ఒకరు పెంచిన రోజుల్లోనే మిగతా ఇద్దరూ పెంచారు. 2024లో జియో జూన్ 27న ప్రకటిస్తే మరుసటి రోజే ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా ప్రకటించాయి. జూలై 3, 4 తేదీల్లో మూడింటి ధరలూ పెరిగాయి. ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారని అనడానికి నా దగ్గర ఆధారం లేదు, అలా అనను. కానీ కలిసి మాట్లాడుకోకపోయినా, పక్కవాడు తగ్గించడని ముగ్గురికీ ధీమా ఉన్నప్పుడు వినియోగదారుడికి జరిగేది అదే.

కంపెనీలు కుమ్మక్కై పోటీని దెబ్బతీస్తే విచారించే పోటీ కమిషన్‌కు నేరుగా వెళ్లవచ్చా అని ఒక న్యాయ విద్యార్థి అడిగాడు. టెలికాం వ్యవహారాన్ని ముందు ట్రాయ్ తేల్చిన తర్వాతే పోటీ కమిషన్ చూడాలని సుప్రీంకోర్టు 2018 డిసెంబర్ 5న చెప్పింది.

మా ఊళ్లో ఒకే కంపెనీ టవర్ పట్టుకుంటుంది. మాకు పోటీ ఎక్కడిది?

ఈ ప్రశ్న నల్లమల అంచున ఉన్న ఊళ్ల నుంచి ఎక్కువగా వస్తుంది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది కూడా ఇదే. నల్లగొండ గడియారం సెంటరులో నిలబడితే నాలుగు కంపెనీల సిగ్నల్ వస్తుంది. మన్ననూరు దాటి అడవిలోకి పోయే కొద్దీ ఒక్కొక్కటే తగ్గుతుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో కొత్త టవర్ కట్టాలంటే అటవీ అనుమతులు కావాలి, జనం తక్కువ కాబట్టి కంపెనీకి రాబడి లేదు, కరెంటు తీగ, ఫైబర్ తీగ రెండూ దూరమే. అలాంటి ఊరి మనిషి కూడా హైదరాబాదులో ఉన్న మనిషి కట్టే ధరే కడతాడు. ధర ఇద్దరికీ ఒకటే, కానీ కంపెనీని వదిలిపోయే వీలు ఒక్కడికే ఉంది. కాబట్టి మా జిల్లాల్లో పోటీని కంపెనీల సంఖ్యతో కాకుండా, మీ ఇంటి అరుగు మీద ఎన్ని సిగ్నళ్లు పడతాయన్న దానితో లెక్కపెట్టాలి.

చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ముందుగా కంపెనీల మాట వినకుండా, వేరే కంపెనీ సిమ్ ఉన్న బంధువునో పక్కింటివాళ్లనో మీ ఇంట్లో, పొలం దగ్గర, బడి దగ్గర నిలబెట్టి ఒక కాల్ చేయించి చూడండి. తమ సిగ్నల్ ఎక్కడెక్కడ ఉందో చూపే పటాలను కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలన్నది 2024లో ట్రాయ్ తెచ్చిన నాణ్యతా నిబంధనల్లో ఉంది. ఆ పటంలో మీ ఊరు రంగు వేసి ఉండి, ఊళ్లో మాత్రం సిగ్నల్ లేకపోతే, ఆ పటాన్ని ఫొటో తీసుకుని ఫిర్యాదుకు జత చేయండి. అంతకన్నా బలమైన సాక్ష్యం వెతికినా దొరకదు.

ప్రభుత్వ నిధితో కట్టిన టవర్ల విషయం వేరు. డిజిటల్ భారత్ నిధి సొమ్ముతో మారుమూల ప్రాంతాల్లో కట్టిన 4జీ టవర్లను జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ వినియోగదారులు ఎవరైనా వాడుకునే ఏర్పాటు 2025 జనవరి 17న మొదలైంది. మీ దగ్గరి టవర్ ఆ నిధితో కట్టినదైతే, వేరే కంపెనీ సిమ్ ఉన్నా ఫోన్ దాన్ని పట్టుకోవాలి. బీఎస్ఎన్ఎల్ 2024లో ధరలు పెంచలేదు, 2025 సెప్టెంబర్ 27న దేశంలో తయారైన పరికరాలతో 4జీ సేవను జాతికి అంకితం చేశారు. దాని సిగ్నల్ బాగున్న ఊరికి అది నిజమైన ప్రత్యామ్నాయం. సిగ్నల్ లేని ఊళ్లో దేశభక్తితో సిమ్ తీసుకుని బాధపడమని మాత్రం ఎవరికీ చెప్పను.

నంబరు మార్చకుండా కంపెనీ ఎలా మార్చుకోవాలి?

ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మీ పదంకెల నంబరు రాసి 1900కు మెసేజ్ పంపాలి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, అది మన దగ్గర నాలుగు రోజులే చెల్లుతుంది. ఆ కోడ్, ఆధార్ తీసుకుని కొత్త కంపెనీ దుకాణానికి వెళ్తే కొత్త సిమ్ ఇస్తారు. మూడు పని దినాల్లో నంబరు మారుతుంది. వేరే సర్కిల్‌కు, అంటే టెలికాం సేవల కోసం దేశాన్ని విభజించిన ప్రాంతాల్లో వేరేదానికి, మార్చుకుంటే ఐదు పని దినాలు పడుతుంది. ముంబయి, పుణె పోయిన పాలమూరు కూలీలు 2015 జూలై 3 నుంచి తమ నంబరును అక్కడి సర్కిల్‌కు కూడా తీసుకుపోగలుగుతున్నారు.

ప్యాకు అయిపోయింది కాబట్టి మెసేజ్ పోవడం లేదని చాలామంది వెనుదిరుగుతారు. ఏ ప్యాకు ఉన్నా లేకపోయినా 1900కు మెసేజ్ పంపే వీలు ఉండాలని ట్రాయ్ 2021 డిసెంబర్ 7న ఆదేశించింది. పంపలేకపోతే అదే ఒక ఫిర్యాదుకు విషయం. కోడ్ అడిగిన వెంటనే పాత కంపెనీ నుంచి తగ్గింపు ఇస్తామని ఫోన్ వస్తుంది. సిగ్నల్ బాగున్న ఊళ్లో ఆ తగ్గింపు తీసుకోవడంలో తప్పు లేదు, కానీ ఎంత తగ్గింపు, ఎన్నాళ్లు అన్నది మెసేజ్‌లో పంపమని అడగండి.

పోర్ట్ తిరస్కరించారు. కారణం ఏమై ఉంటుంది?

ప్రస్తుత కంపెనీలో 90 రోజులు నిండకపోవడం, పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉండటం, సిమ్ ఇంకొకరి పేరుకు మార్చే పని మధ్యలో ఉండటం సాధారణ కారణాలు. 2024 జూలై 1 నుంచి, సిమ్ పోయి కొత్తది తీసుకున్నవాళ్లకు ఏడు రోజుల దాకా కోడ్ ఇవ్వరు. దొంగ సిమ్‌తో ఖాతాలు ఖాళీ చేసేవాళ్లను ఆపడానికి పెట్టిన నియమం అది, కాబట్టి ఓపిక పట్టాలి.

ఏమీ అడగకుండానే బ్యాలెన్సు కోసుకున్నారు. ఏం చేయాలి?

2019లో నా ఫోన్‌లోనే ఇది జరిగింది. క్రికెట్ వార్తల సేవ అని రోజుకు మూడు రూపాయల చొప్పున పోయాయి. నేను ఎక్కడా ఒప్పుకోలేదు. ట్రాయ్ 2013 ఆదేశం ప్రకారం ఇలాంటి అదనపు సేవకు వినియోగదారుడు రెండుసార్లు ఒప్పుకుంటే తప్ప డబ్బు తీయకూడదు. సేవ మొదలైన 24 గంటల్లోపు వద్దని చెబితే డబ్బు తిరిగి ఇవ్వాలి. సేవ ఆపడానికి అన్ని కంపెనీలకూ కలిపి 155223 అనే నంబరు ఉంది. అలాగే ఇంగ్లిషులో స్టాప్ అని 1925కు మెసేజ్ పంపితే నెట్ ఆగుతుంది.

నా విషయంలో మొదటి ఫిర్యాదును "పరిష్కరించాం" అని మూసేశారు, డబ్బు రాలేదు. కోసుకున్న మెసేజ్‌లన్నీ ఫొటోలు తీసి అప్పీలు చేసిన తర్వాతే వచ్చింది. వచ్చింది 60 రూపాయలకన్నా తక్కువే. అదే సేవ ఎన్ని వేల ఫోన్లలో అలా నడిచిందో అనుకున్నప్పుడు ఆ మొత్తం చిన్నదిగా అనిపించలేదు.

కస్టమర్ కేర్‌లో మనిషే దొరకడు. దొరికినా తేలదు. ఫిర్యాదు సరిగా ఎలా చేయాలి?

కాల్ చేసినవాళ్లలో నూటికి 95 మందితో 90 సెకన్లలో మనిషి మాట్లాడాలన్నది నాణ్యతా ప్రమాణం. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్న మాటల మధ్య చదువురాని మనిషి ఆగిపోతాడు. అందువల్ల 198కి ఫోన్ చేసేటప్పుడు చదువుకున్నవాళ్లు పక్కన ఉంటే మంచిది. సమాచారం కావాలంటే 121, ఫిర్యాదుకు 198. ఈ తేడా తెలియక చాలామంది 121లోనే తిరుగుతుంటారు.

ఫిర్యాదు నమోదైతే డాకెట్ నంబరు ఇచ్చి తీరాలి, అది మెసేజ్‌గా రావాలి. డాకెట్ నంబరు లేని మాట ఎంత మర్యాదగా చెప్పినా ఫిర్యాదు కింద లెక్కలోకి రాదు. నేను ఇరవై రూపాయల నోటు పుస్తకం ఒకటి పెట్టాను. తేదీ, సమయం, డాకెట్ నంబరు, అవతలి మనిషి చెప్పిన మాట, ఎన్ని రోజుల్లో అన్నది, ఒక్కో ఫిర్యాదుకు ఒక్కో పేజీ. తర్వాత అడుగుల్లో ఎవరు అడిగినా ఆ పేజీయే మన తరఫున మాట్లాడుతుంది.

గడువులో తేలకపోయినా, తేల్చిన తీరు నచ్చకపోయినా, 30 రోజుల్లోపు అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయాలి. ఖర్చు ఏమీ ఉండదు. 39 రోజుల్లో జవాబు రావాలి. ఆ అధికారి వివరాలు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదును విచారించదు, కంపెనీకి పంపిస్తుంది అంతే. ఇది తెలియక నేరుగా ట్రాయ్‌కు రాసి నెలలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అప్పీలు తర్వాత కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో టెలికాం శాఖకు పెట్టవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915లో తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

వానకు రెండు రోజులు సిగ్నల్ లేదు. ఆ రోజుల డబ్బు తిరిగి వస్తుందా?

2024 అక్టోబర్ 1 నుంచి అమలులోకి వచ్చిన నాణ్యతా నిబంధనల ప్రకారం, జిల్లా స్థాయిలో పెద్ద అంతరాయం 24 గంటలు దాటితే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు బిల్లులో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్లకు గడువు పొడిగింపు ఇవ్వాలి. ఒక్క ఊరి టవర్ ఆగితే ఈ నియమం కింద అడగడం కష్టం. అప్పుడు 198లో విడిగా ఫిర్యాదు చేయాలి, ఊళ్లో పదిమంది పది ఫిర్యాదులు చేస్తే టవర్ త్వరగా లేస్తుందని అనుభవం మీద చెప్పగలను.

అలంపురం నుంచి కర్నూలు పోతే రోమింగ్ పడుతుందా? రాయచూరు పోతే?

రాష్ట్రం విడిపోయినా టెలికాం సర్కిల్ విడిపోలేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిలే. తుంగభద్ర దాటితే సర్కిల్ మారదు, మక్తల్ వైపు నుంచి కృష్ణ దాటి రాయచూరులో అడుగుపెడితే మారుతుంది. ఇప్పటి అపరిమిత ప్యాకుల్లో దేశంలో ఎక్కడైనా అదనంగా పడదు.

నా పేరు మీద నాకు తెలియని సిమ్‌లు ఉన్నాయేమో ఎలా చూడాలి?

కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో మీ నంబరు, ఓటీపీ ఇస్తే మీ పేరు మీదున్న కనెక్షన్లన్నీ కనిపిస్తాయి. మీది కానిదాన్ని అక్కడే నాది కాదని గుర్తు పెట్టవచ్చు. ఒక మనిషికి తొమ్మిది సిమ్‌లకు మించి ఉండకూడదు. సంతలో గొడుగు కింద సిమ్ అమ్మేవాళ్ల దగ్గర వేలిముద్ర పడలేదని రెండోసారి పెట్టమంటే, మొదటిదానితో ఏం జరిగిందో చూపించమని అడిగిన తర్వాతే వేలు పెట్టండి.

అన్నీ చేశాను, తేలలేదు. కోర్టుకు పోవచ్చా?

పోవచ్చు. టెలికాం ఫిర్యాదులు వినియోగదారుల ఫోరాలకు రావని కంపెనీలు చాలాకాలం వాదించాయి. 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు అందుకు ఊతమిచ్చింది. 2022 ఫిబ్రవరి 16న అదే కోర్టు, వినియోగదారుల కమిషన్లకు ఈ కేసులు వినే అధికారం ఉందని స్పష్టంగా తేల్చింది. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. 2019 చట్టం ప్రకారం కంపెనీ కార్యాలయం హైదరాబాదులో ఉన్నా, ముంబయిలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి.

వెంట తీసుకుపోవాల్సినవి: రీచార్జి రసీదు లేదా యాప్‌లోని చెల్లింపు వివరం, డాకెట్ నంబర్లు, అప్పీలు కాపీ, దానికి వచ్చిన జవాబు, ఆధార్ జిరాక్సు. నోటు పుస్తకం ఉంటే ఆ పేజీల జిరాక్సు కూడా జత చేయండి, అసలు పుస్తకం మాత్రం ఇంట్లోనే ఉంచుకోండి.